రీజెంట్: స్కాట్లాండ్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు

స్కాట్లాండ్ విశ్వవిద్యాలయాల్లో 15వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం చివరి దాకా ఒక తరగతిని చేర్చుకున్న రోజు మొదలు పట్టా ఇచ్చే రోజు వరకు, గ్రీకు నుంచి ఖగోళం దాకా అన్ని పాఠాలూ తానే చెప్పి నడిపించిన అధ్యాపకుడు రీజెంట్. ఆధునిక విశ్వవిద్యాలయంలో సబ్జెక్టుకు ఒక ఆచార్యుడు ఉంటాడు, విద్యార్థులు ఒక్కో గంటకు ఒక్కో ఆచార్యుడి దగ్గరికి వెళ్తారు. రీజెంట్ కాలంలో తరగతికి ఒకే గురువు. ఏడాదికేడాది మారేది సబ్జెక్టే.

పేరు, అర్థం

రీజెంట్ అంటే చాలామందికి మైనరు రాజు తరఫున దేశం ఏలే రాజప్రతినిధి స్ఫురిస్తాడు. స్కాట్లాండ్ చరిత్రలో ఆ రీజెంట్లూ ఉన్నారు. ఆరో జేమ్స్ పసివాడుగా ఉన్నప్పుడు మోర్టన్ ఎర్ల్ 1572 నుంచి 1578 దాకా ఆ హోదాలోనే పాలించాడు. కాలేజీ రీజెంట్ వేరు. రెండు మాటలకూ మూలం మాత్రం ఒకటే, నడిపించడం, ఏలడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు.

మధ్యయుగపు ఐరోపాలో ఆర్ట్స్ మాస్టరు పట్టా పుచ్చుకున్నవాడు వెంటనే వెళ్లిపోవడానికి వీల్లేదు. కొంతకాలం అక్కడే పాఠం చెప్పి తీరాలన్న నియమం ఉండేది. అలా బోధిస్తున్న మాస్టరే రీజెంట్. ఒకప్పుడు కొత్త పట్టభద్రుల విధిగా ఉన్న ఈ పని స్కాట్లాండ్‌లో క్రమంగా జీతమున్న ఉద్యోగంగా స్థిరపడింది.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి కాలేజీల ట్యూటర్‌తో రీజెంట్‌ను పోలుస్తుంటారు. ఇద్దరూ పిల్లల చదువుకూ నడవడికీ బాధ్యులే కనక ఆ పోలిక కొంతవరకు సరైనదే. అయితే రీజెంట్ ఉపన్యాసకుడు, పరీక్షకుడు, పట్టా సభలో అధ్యక్షుడు కూడా. విద్యార్థి దృష్టిలో విశ్వవిద్యాలయమంటే చాలావరకు ఆ ఒక్క మనిషే.

చరిత్ర: తొలి దశ

1413లో పోపు ఆజ్ఞాపత్రంతో గుర్తింపు పొందిన సెయింట్ ఆండ్రూస్ స్కాట్లాండ్‌లో మొదటి విశ్వవిద్యాలయం. 1451లో గ్లాస్గో, 1495లో అబర్డీన్‌లోని కింగ్స్ కాలేజీ వచ్చాయి. మత సంస్కరణ తరవాత 1583లో ఎడిన్‌బరో, 1593లో అబర్డీన్‌లోనే మారిషల్ కాలేజీ మొదలయ్యాయి. ఈ రెండు కాలేజీల్ని కలుపుకుంటే చిన్న దేశానికి అయిదు విద్యాపీఠాలు. ఇవి కాక ఫ్రేజర్‌బరలో 1590లలో మొదలైన కాలేజీ ఎంతోకాలం నిలవలేదు. ఎడిన్‌బరోలో రీజెంట్‌గా పనిచేసిన చార్లెస్ ఫెర్మ్ దాని ప్రిన్సిపాల్. చర్చి సభ విషయంలో రాజు ఆగ్రహానికి గురై ఆయన జైలు పాలయ్యాక కాలేజీ కూడా మూతపడింది.

సెయింట్ ఆండ్రూస్ తొలి మాస్టర్లు పారిస్‌లో చదివి వచ్చినవారు. పద్ధతులు కూడా అక్కడివే తెచ్చారు. మొదట్లో ఎవరి ఇంట్లో వారు పిల్లల్ని పెట్టుకుని చెప్పేవారు, శిష్యుల కోసం పోటీలు పడేవారు. సెయింట్ సాల్వేటర్స్ (1450), సెయింట్ లెనర్డ్స్ (1512) వంటి కాలేజీలు ఏర్పడ్డాక బోధన వాటి గోడల మధ్యకు చేరింది. అప్పటి నుంచి ఒక్కో కాలేజీకి ముగ్గురో నలుగురో రీజెంట్లు, వారి పైన ప్రిన్సిపాల్ అనే ఏర్పాటు కుదురుకుంది.

మెల్విల్ సంస్కరణ, వెనకడుగు

జెనీవాలో పనిచేసి తిరిగొచ్చిన ఆండ్రూ మెల్విల్ 1574లో గ్లాస్గో ప్రిన్సిపాల్ అయ్యాడు. అప్పటికి ఆ కాలేజీ దాదాపు మూతపడే స్థితిలో ఉంది. 1577లో రాజు పేరిట వచ్చిన కొత్త శాసనాన్ని ‘నోవా ఎరెక్షియో’, అంటే పునఃస్థాపన, అంటారు. గోవన్ చర్చి ఆదాయాన్ని కాలేజీకి రాసిచ్చి, ఆ ఆదాయంతో బతికే పన్నెండు మందిని అది పేరుపేరునా నిర్ణయించింది. ప్రిన్సిపాల్, ముగ్గురు రీజెంట్లు, విద్యావేతనం మీద చదివే నలుగురు పేద విద్యార్థులు, భోజన వ్యవహారాలు చూసే స్టివర్డ్, వంటవాడు, ద్వారపాలకుడు, ప్రిన్సిపాల్ సేవకుడు. ఆ కాలపు కాలేజీ పరిమాణం ఎంతో ఈ జాబితా ఒక్కటి చెబుతుంది.

శాసనంలో అసలు కొత్తదనం రీజెంట్ల విషయంలో ఉంది. ఒకరు గ్రీకు, అలంకారశాస్త్రం చెప్పాలి. రెండోవారికి తర్కం, నీతిశాస్త్రం, గణితం అప్పగించారు. ప్రకృతి తత్త్వం, భూగోళం, ఖగోళం మూడోవారివి. ఎవరి సబ్జెక్టులో వారు స్థిరంగా ఉండాలి, ఏటా తరగతితో పాటు మారకూడదు. మారిషల్ కాలేజీ స్థాపన పత్రం కూడా ఇదే ఆశయంతో రాశారు.

ఆశయం నిలవలేదు. 1642లో గ్లాస్గో మళ్లీ పాత పద్ధతికి వెళ్లింది, అబర్డీన్ కాలేజీలూ అదే దారి పట్టాయి. కారణాలు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. నలుగురు ఉన్న కాలేజీలో నలుగురికీ అన్నీ చెప్పడం వస్తే ఒకరు జబ్బుపడినా, పల్లెకు పాస్టరుగా వెళ్లిపోయినా తరగతి ఆగదు. పదమూడేళ్ల పిల్లవాణ్ణి పంపే తండ్రికి సబ్జెక్టులో నిష్ణాతుడి కన్నా పిల్లవాణ్ణి కనిపెట్టి ఉండే పెద్దదిక్కు ముఖ్యం. ఈ రెండో కారణమే బలమైనది. వ్యవస్థ అన్నేళ్లు నిలవడానికి ఆధారం అదే.

విద్యార్థులు

రీజెంట్ చేతికి వచ్చేది మన లెక్కలో హైస్కూలు పిల్లలు. పదమూడు నుంచి పదహారేళ్ల లోపు వారే ఎక్కువ. తరవాత బిషప్‌గా, చరిత్రకారుడిగా పేరొందిన గిల్బర్ట్ బర్నెట్ 1643లో పుట్టి, పదేళ్ల ప్రాయంలో మారిషల్ కాలేజీలో చేరాడు. ప్రభువుల కొడుకులూ, పట్నం వర్తకుల కొడుకులూ, పల్లె పాస్టర్ల కొడుకులూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. విద్యావేతనంతో చదివే పేద విద్యార్థుల్ని బర్సర్లు అనేవారు.

నాలుగు తరగతులకు నాలుగు పేర్లు. మొదటి ఏడు బేజన్. ఇది ఫ్రెంచి మాట నుంచి వచ్చింది, పచ్చముక్కు అని అర్థం. రెక్కలు రాని పక్షిపిల్ల ముక్కు పసుపుపచ్చగా ఉంటుంది కదా, కొత్తగా చేరినవాడికి ఆ పేరు. రెండో ఏడు సెమీ, మూడో ఏడు టెర్షియన్. చివరి ఏడు మజిస్ట్రాండ్, అంటే మాస్టరు కాబోతున్నవాడు. ఎడిన్‌బరోలో మూడో ఏటివారిని బ్యాచిలర్లు అనేవారు.

నియామకం

రీజెంట్ సాధారణంగా ఇరవై దాటిన యువకుడు, చాలాసార్లు అదే కాలేజీ పట్టభద్రుడు. వేదాంతం చదువుతూ చర్చిలో పాస్టరు పదవి కోసం ఎదురుచూసేవారికి ఇది మజిలీ. రాబర్ట్ బెయిలీ 1625లో గ్లాస్గోలో రీజెంట్‌గా చేరి 1631లో కిల్విన్నింగ్‌కు పాస్టరుగా వెళ్లాడు. ముప్పై ఏళ్ల తరవాత అదే కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యాడు. ఇలా వచ్చిపోయేవారే ఎక్కువ కావడంతో బోధనలో అనుభవం పేరుకునే వీలు తక్కువ. విమర్శకులు ఎత్తిచూపిన లోపాల్లో ఇదొకటి.

ఖాళీ వస్తే చాలా చోట్ల బహిరంగ పోటీ పెట్టేవారు. అభ్యర్థికి ఒక విషయం ఇస్తారు. దాని మీద లాటిన్‌లో ప్రసంగించి, తోటి అభ్యర్థులు వేసే ఆక్షేపణలకు నిలబడి జవాబు చెప్పాలి. ఎడిన్‌బరోలో నియామకాధికారం పట్టణ మండలిది కనక అక్కడి కాలేజీని పట్టణం కాలేజీ అని పిలిచేవారు.

1641లో గ్లాస్గోలో జరిగిన పోటీలో నెగ్గినవాడు జేమ్స్ డాల్రింపుల్. అప్పుడాయన సైన్యంలో అధికారి. సైనిక దుస్తుల్లోనే వచ్చి వాదనలో గెలిచాడని చెబుతారు. తరవాత స్టెయిర్ ప్రభువుగా దేశ అత్యున్నత న్యాయస్థానానికి అధ్యక్షుడయ్యాడు. 1681లో ఆయన ప్రచురించిన గ్రంథం స్కాట్లాండ్ న్యాయశాస్త్రానికి పునాది. ఆ గ్రంథంలో సూత్రాల నుంచి నియమాలకు వెళ్లే క్రమం గ్లాస్గోలో ఏళ్ల తరబడి తర్కం చెప్పినవాడి చేతిది.

పాఠ్యక్రమం

కాలేజీని బట్టి, కాలాన్ని బట్టి తేడాలున్నా నాలుగేళ్ల చట్రం ఒకటే. లాటిన్ వచ్చి ఉంటేనే చేర్చుకోవాలి. మొదటి ఏడు గ్రీకు. రెండో ఏడు తర్కం, అలంకారశాస్త్రం. మూడో ఏడు నీతిశాస్త్రం, అధిభౌతిక శాస్త్రం, కొంత గణితం. ఎడిన్‌బరోలో ఈ ఏటనే హీబ్రూ వ్యాకరణం, మానవ శరీర వర్ణన కూడా ఉండేవి. నాలుగో ఏడు ప్రకృతి తత్త్వం. ఆకాశం గురించి, ఆత్మ గురించి అరిస్టాటిల్ రాసినవీ, గోళశాస్త్రం మీద సాక్రోబోస్కో రాసిన చిన్న పుస్తకమూ అప్పుడు చెప్పేవారు. నాలుగేళ్లూ ఆదివారాలు బైబిలు, మత ప్రశ్నోత్తరి.

పాఠం చెప్పే తీరు ముఖ్యంగా చెప్పి రాయించడమే. రీజెంట్ లాటిన్‌లో నెమ్మదిగా వాక్యం వాక్యంగా చెబుతాడు, పిల్లలు రాసుకుంటారు. ఈ నోట్సుకు డిక్టేట్లు అని పేరు. మర్నాడు దాన్నే అప్పజెప్పాలి, ప్రశ్నలకు జవాబివ్వాలి, పక్షం ప్రతిపక్షం పట్టి వాదించాలి. ఈ నోటు పుస్తకాలు చాలా మిగిలాయి. ఏ రీజెంట్ ఏ ఏట ఏం చెప్పాడో ముద్రిత గ్రంథాల కన్నా వీటిలోనే స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి విద్యా చరిత్రకారులకు ఇవి ప్రధాన ఆధారం.

రాయించడం మీదే కాలం ఖర్చవుతోందన్న ఫిర్యాదు అప్పుడే ఉంది. 1690లలో పార్లమెంటు నియమించిన తనిఖీ సంఘం అన్ని విశ్వవిద్యాలయాలకూ ఒకే ముద్రిత తత్త్వశాస్త్ర పాఠ్యగ్రంథం ఉండాలని ఆదేశించి, భాగాలు పంచి రాయమంది. రాసిన భాగాలు ఒకరివి ఒకరికి నచ్చలేదు. పథకం అమలు కాలేదు.

దినచర్య

గంట తెల్లవారుజామున అయిదింటికో ఆరింటికో మోగేది. ఉత్తర స్కాట్లాండ్ చలికాలంలో ఎనిమిది దాటితే గాని వెలుగు రాదు. అంటే మొదటి పాఠం కొవ్వొత్తి వెలుతురులోనే జరిగేది. ప్రార్థన, నిన్నటి పాఠం అప్పజెప్పించడం, కొత్త పాఠం రాయించడం, అంబలితోనో రొట్టెతోనో ఫలహారం, మళ్లీ తరగతి. మధ్యాహ్నం తరవాత వాదసభలు. వారంలో కొన్ని మధ్యాహ్నాలు ఆటలకు మైదానానికి వెళ్లేవారు, రీజెంట్ వెంట ఉండేవాడు. సెయింట్ ఆండ్రూస్‌లో విలువిద్య, గోల్ఫ్ మామూలు.

కాలేజీ ఆవరణలో మాట్లాడేది లాటినే. స్కాట్స్‌లో మాట్లాడి పట్టుబడితే జరిమానా. ఆదివారం తరగతిని వెంటబెట్టుకుని చర్చికి వెళ్లి, తిరిగొచ్చాక విన్న ప్రసంగం సారాంశం ఒక్కొక్కరి చేత చెప్పించడం రీజెంట్ విధి.

రాత్రి కాపలా వంతులవారీ. ఆ వారం వంతు వచ్చిన రీజెంట్‌ను హెబ్డమడర్ అనేవారు, గ్రీకులో వారం అనే మాట నుంచి. పొద్దున్నే గదులన్నీ తిరిగి లేపడం, రాత్రి మళ్లీ తిరిగి ఎవరు లోపలున్నారో చూడడం, భోజనశాలలో క్రమం కాపాడడం అతని పని. శిక్ష కూడా అతని చేతిలోదే. చిన్నవారికి బెత్తం, పెద్దవారికి జరిమానా, మరీ మించితే బహిష్కారం.

జేమ్స్ మెల్విల్: విద్యార్థిగా, రీజెంట్‌గా

ఈ జీవితాన్ని లోపలి నుంచి చూపేది ఆండ్రూ మెల్విల్ అన్న కొడుకు జేమ్స్ మెల్విల్ (1556–1614) స్కాట్స్ భాషలో రాసుకున్న స్వీయచరిత్ర. 1571లో పదిహేనేళ్ల వాడుగా ఆయన సెయింట్ లెనర్డ్స్ కాలేజీలో చేరాడు. రీజెంట్ పేరు విలియం కాలెస్. పాఠమంతా లాటిన్‌లో సాగుతుంటే కుర్రవాడికి అర్థం కాలేదు. తరగతిలో కూర్చుని ఏడ్చేవాడు, ఇంటికి వెళ్లిపోదామనుకున్నాడు. కాలెస్ అది గమనించి, తన గదిలోనే ఉంచుకుని, రాత్రిపూట ఒక్కడికే కూర్చోబెట్టి చెప్పి, పాఠం అందుకునే దాకా విడిచిపెట్టలేదు. రీజెంట్ వ్యవస్థను సమర్థించినవారి వాదనల్లో ఈ ఒక్క సంఘటనకు ఎదురు నిలిచేది లేదు. సబ్జెక్టుకో ఆచార్యుడు వచ్చిపోయే చోట ఏ ఆచార్యుడు ఆ కన్నీళ్లు చూసి ఉండేవాడు?

ఆ చదువుకు తగిన వస్తువులే కాక విల్లు, బాణాలు, గోల్ఫ్ కర్ర, బంతులు కూడా తండ్రి తనకు ఇచ్చాడని ఆయన రాసుకున్నాడు. ముసలితనంలో ఉన్న మత సంస్కర్త జాన్ నాక్స్ ఆ రోజుల్లో సెయింట్ ఆండ్రూస్‌లో ఉన్నాడు. ఆయన్ని ఇద్దరు పట్టుకుని వేదిక ఎక్కించడం, ప్రసంగం పుంజుకున్నాక ఆ బలహీనత మాయమవడం జేమ్స్ కళ్లారా చూశాడు.

1575లో జేమ్స్ గ్లాస్గోలో రీజెంట్ అయ్యాడు. వయసు పందొమ్మిది. అరిస్టాటిల్ తర్కాన్ని లాటిన్ అనువాదంలో కాక గ్రీకు మూలంలోనే తరగతికి చెప్పాడు. స్కాట్లాండ్‌లో అలా చెప్పినవారిలో తానే మొదటివాణ్ణని ఆయన చెప్పుకున్నాడు.

అక్కడే ఆయనకు ఉద్యోగంలోని రెండో ముఖం కనిపించింది. మార్క్ అలెగ్జాండర్ బాయిడ్ అనే విద్యార్థిని ఆయన దండించాడు. బాయిడ్ గ్లాస్గో ఆర్చిబిషప్‌కు దగ్గరి బంధువు. అవమానం దిగమింగలేక అలెగ్జాండర్ కనింగ్‌హామ్ అనే బంధువును వెంటబెట్టుకుని దారి కాశాడు. ఒకరి చేతిలో కర్ర, ఒకరి చేతిలో కత్తి. మెల్విల్ బయటపడ్డాడు. కనింగ్‌హామ్ వెనక ప్రభు కుటుంబాలున్నా కాలేజీ వెనక్కి తగ్గలేదు. చివరికి అతడు వట్టి కాళ్లతో, టోపీ లేని తలతో వచ్చి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. బాయిడ్ ఆ తరవాత ఫ్రాన్స్‌కు వెళ్లి లాటిన్ కవిగా పేరు తెచ్చుకున్నాడు. ఇరవై ఏళ్లకు అటూ ఇటుగా ఉన్న రీజెంట్ తనకన్నా కొన్నేళ్లే చిన్నవాళ్లను, అదీ ఆయుధాలున్న కుటుంబాల పిల్లలను, అదుపులో పెట్టాల్సి వచ్చిన కాలమది.

జీతం, భోజనం, పెళ్లి

రీజెంట్‌కు కాలేజీలో గది, ఉమ్మడి భోజనశాలలో భోజనం, కొద్దిపాటి జీతం ఉండేవి. వీటికి విద్యార్థుల ఫీజులు తోడయ్యేవి. ఫీజు అందరికీ ఒకటి కాదు. ఎడిన్‌బరోలో పట్టణవాసుల పిల్లలకు తక్కువ, బయటివారికి ఎక్కువ. పేదలకు మినహాయింపు. లెక్కలన్నీ స్కాట్స్ పౌండ్లలో. 17వ శతాబ్దంలో పన్నెండు స్కాట్స్ పౌండ్లు ఒక్క ఇంగ్లిష్ పౌండుకు సమానం కనక పత్రాల్లో అంకెలు చూసి జీతం పెద్దదని పొరబడకూడదు. తరగతిలో ఎంతమంది ఉంటే ఆదాయం అంత. చేరినవాణ్ణి నాలుగేళ్లూ నిలబెట్టి పట్టా దాకా తేవడం రీజెంట్ ఇంటి లెక్కకూ అవసరమే.

పెళ్లి పెద్ద చిక్కు. కాలేజీ గదుల్లో కాపురం కుదరదు, కాబట్టి పెళ్లయితే పదవి వదులుకోవాలన్నది వాడుక. స్టెయిర్ 1643లో మార్గరెట్ రాస్‌ను పెళ్లాడాడు. నియమం ప్రకారం ఉద్యోగం పోయింది. అయితే కాలేజీ ఆయన్ని మళ్లీ ఎన్నుకుంది, 1647 దాకా ఆయన రీజెంట్‌గానే ఉన్నాడు. అందరికీ ఆ అదృష్టం లేదు. 1623లో ఎడిన్‌బరోలో లాటిన్ రీజెంట్‌గా చేరిన శామ్యూల్ రూథర్‌ఫర్డ్ తన పెళ్లి విషయంలో నడవడి సరిగా లేదన్న ఆరోపణ రావడంతో 1626 ప్రాంతంలో ఆ పదవి వదులుకున్నాడు. తరవాత ఆయన దేశంలో పేరున్న వేదాంతులలో ఒకడై, సెయింట్ ఆండ్రూస్‌లోని సెయింట్ మేరీస్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యాడు.

విదేశాలు మరో దారి. గ్లాస్గోలో గ్రీకు చెప్పిన జాన్ కామెరన్ 1600లో ఫ్రాన్స్ వెళ్లి, బోర్డో, సెడాన్, సోమ్యూర్‌లలోని ప్రొటెస్టెంట్ సమాజాల్లో బోధించి పేరు సంపాదించాడు. 1622లో గ్లాస్గోకు ప్రిన్సిపాల్‌గా వచ్చాడు.

ప్రమాణాలు, తొలగింపులు

పిల్లల మనసులు రీజెంట్ చేతిలో ఉంటాయన్న ఎరుక పాలకులకు బాగా ఉండేది. అందుకే ప్రభుత్వం మారిన ప్రతిసారీ మొదటి దెబ్బ కాలేజీల మీద పడేది. చర్చి విషయంలో రాజును ఎదిరించిన 1638 జాతీయ ఒడంబడిక మీద సంతకం, 1660 తరవాత బిషప్పుల చర్చికి విధేయత, 1681 టెస్ట్ చట్టం కింద ప్రమాణం, 1690లో కొత్త రాజదంపతులు విలియం, మేరీల పట్ల విధేయత. ఒక ప్రమాణం చేసినవాడు తరవాతి ప్రమాణం చేయలేక బయటికి వచ్చేవాడు. గ్లాస్గోలో 1654 నుంచి రీజెంట్‌గా ఉన్న జార్జ్ సింక్లెయిర్ బిషప్పుల వ్యవస్థకు తలవంచనందుకు 1666లో పదవి పోగొట్టుకున్నాడు. 1690 తనిఖీ సంఘం ఎడిన్‌బరో ప్రిన్సిపాల్ అలెగ్జాండర్ మన్రోను తొలగించింది. గద్దె దిగిన రాజవంశం తరఫున జరిగిన 1715 జాకొబైట్ తిరుగుబాటు అణిగాక మారిషల్ కాలేజీ బోధకుల్లో దాదాపు అందరూ 1717లో వెళ్లిపోవలసి వచ్చింది.

ఈ నిఘా విద్యార్థుల్నీ వదల్లేదు. ఎడిన్‌బరోలో చదివిన ఇరవై ఏళ్ల థామస్ ఐకెన్‌హెడ్‌ను దైవదూషణ నేరం మీద 1697 జనవరి 8న ఉరితీశారు. సాక్ష్యం చెప్పినవారు అతని తోటి విద్యార్థులే. తరగతి గదిలో మాట ఎంత ప్రమాదకరమో రీజెంట్లందరికీ తెలిసి ఉండాలి.

పరీక్ష, పట్టా ప్రదానం

గ్లాస్గో, సెయింట్ ఆండ్రూస్, అబర్డీన్‌లలో పరీక్షకు ఒక నల్లరాయి ఉండేది. విద్యార్థి దాని మీద కూర్చుని మౌఖిక ప్రశ్నలకు జవాబు చెప్పాలి. గ్లాస్గో రాయిని తరవాత చెక్క కుర్చీలో పొదిగారు. కుర్చీ వీపు పైన ఇసుక గడియారం ఉంటుంది. ఇసుక జారిపోయే దాకా ప్రశ్నలు సాగుతాయి. ఆ కుర్చీ ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది.

నాలుగో ఏటి చివర జరిగే పట్టా సభను లారియేషన్ అనేవారు, విజేత తలకు చుట్టే లారెల్ ఆకుల దండ పేరు మీద. అంతకు ముందే రీజెంట్ ఆ తరగతి తరఫున సిద్ధాంతాల పట్టికను లాటిన్‌లో రాసి అచ్చు వేయించేవాడు. పైన ఒక ప్రభువుకో, పట్టణ మండలికో అంకితం, తరవాత పట్టా పుచ్చుకునేవారి పేర్లు, ఆ తరవాత తర్కం నుంచి ఖగోళం దాకా ప్రతిపాదనలు. సభలో విద్యార్థులు వాటిని నిలబెట్టి వాదిస్తారు, రీజెంట్ అధ్యక్షత వహిస్తాడు. సిద్ధాంతాలు ఆయనవే. నాలుగేళ్లలో తాను చెప్పినదంతా ఒక చిన్న పుస్తకంలో పెట్టి పదిమంది ముందు నిలబెట్టే రోజు అది.

కొత్త శాస్త్రం, రీజెంట్లు

రీజెంట్లు అరిస్టాటిల్‌నే వల్లించారన్న మాట తరచు వినిపిస్తుంది. సిద్ధాంతాల పట్టికలూ నోటు పుస్తకాలూ చదివితే అది నిలవదు. 17వ శతాబ్దం మధ్య దాటాక డెకార్ట్ ప్రస్తావన కనిపిస్తుంది, మొదట ఖండనకు, తరవాత అంగీకారంతో. శతాబ్దం ముగిసేసరికి న్యూటన్ కూడా చేరాడు. పదవి కోల్పోయిన సింక్లెయిర్ ఊరుకోలేదు. వాయుభారమాపకంతో కొండల ఎత్తు, గనుల లోతు కొలిచాడు, గనుల్లోంచి నీరు తోడడం గురించి రాశాడు. అదే మనిషి 1685లో దయ్యాలూ మంత్రగత్తెలూ నిజమేనని నిరూపించడానికి పుస్తకం వేశాడు. ఆ తరంలో ఈ రెండూ ఒకే తలలో ఇమిడాయి.

గ్లాస్గోలో 1694లో పోటీలో నెగ్గి రీజెంట్ అయిన గెర్షొమ్ కార్మైకేల్, జర్మన్ న్యాయవేత్త పుఫెన్‌డార్ఫ్ న్యాయగ్రంథానికి వ్యాఖ్యతో 1718లో పాఠ్యపుస్తకం తెచ్చాడు. ప్రకృతిసిద్ధమైన హక్కుల చర్చ స్కాట్లాండ్ తరగతి గదుల్లో పాతుకోవడానికి ఆయన బోధన దారి వేసింది. మారిషల్ కాలేజీలో 1721 నుంచి 1727 దాకా రీజెంట్‌గా ఉన్న జార్జ్ టర్న్‌బుల్ తరగతిలో చదివి, 1726లో పట్టా తీసుకున్నవాడు తత్త్వవేత్త థామస్ రీడ్.

వ్యవస్థ రద్దు

మార్పు ఎడిన్‌బరోలో మొదలైంది. ప్రిన్సిపాల్ విలియం కార్‌స్టెర్స్ హాలండ్‌లో చదివినవాడు. అక్కడి విశ్వవిద్యాలయాల తరహాలో 1708లో రీజెంట్లను సబ్జెక్టు ఆచార్యులుగా మార్చారు. గ్లాస్గో 1727లో, సెయింట్ ఆండ్రూస్ రెండు కాలేజీలు కలిసిన 1747లో, మారిషల్ 1753లో అదే చేశాయి. గ్లాస్గోలో కార్మైకేల్ నీతిశాస్త్రానికి మొదటి ఆచార్యుడయ్యాడు. 1729లో ఆయన మరణించాక ఆ పీఠానికి ఫ్రాన్సిస్ హచిసన్ వచ్చాడు, లాటిన్ విడిచి ఇంగ్లిష్‌లో చెప్పాడు. అతని విద్యార్థి ఆడమ్ స్మిత్ కొన్నేళ్ల తరవాత అదే పీఠంలో కూర్చున్నాడు. ఒకే శాస్త్రం మీద జీవితమంతా పెట్టే వీలు లేకపోతే ఈ వరస సాధ్యమయ్యేది కాదని ఆచార్య పద్ధతిని సమర్థించినవారు అంటారు. ఆ మాటలో నిజముంది.

నష్టం కూడా ఉంది. తరగతిని పట్టా దాకా తీసుకెళ్లడంలో ఎవరికీ ప్రత్యేక బాధ్యత గానీ లాభం గానీ లేకపోయింది. విద్యార్థులు తమకు కావలసిన ఉపన్యాసాలకు ఫీజు కట్టి విని వెళ్లిపోయారు. ఎడిన్‌బరోలో పట్టాలు తీసుకునేవారి సంఖ్య బాగా పడిపోయింది.

కింగ్స్ కాలేజీ ఒక్కటే శతాబ్దం చివరి దాకా పాత పద్ధతి పట్టుకుంది. 1753లో పాఠ్యక్రమాన్ని సవరించినా రీజెంట్లను తీసేయలేదు. ఒకే గురువు ఉంటే కుర్రవాడి శక్తీ నడవడీ తెలుస్తాయన్నది కాలేజీ వాదన. గ్రీకు అప్పటికే వేరే ఆచార్యుడి చేతిలో ఉండడంతో రీజెంట్ వంతు మూడేళ్లు. 1751లో అక్కడ రీజెంట్‌గా చేరిన థామస్ రీడ్ 1753, 1756, 1759, 1762లలో నాలుగు తరగతులకు పట్టా సభలు నడిపి, ప్రతిసారీ లాటిన్‌లో తాత్త్విక ప్రసంగం చేశాడు. మనిషి మనసును గురించి 1764లో ఆయన అచ్చువేసిన గ్రంథంలోని వాదాలు ఆ ప్రసంగాల్లో ఒక్కొక్కటిగా రూపు కట్టడం చూడవచ్చు. మూడేళ్లకోసారి అన్ని శాస్త్రాలూ మొదటి నుంచి చెప్పాల్సి రావడం ఈయన విషయంలో భారం కాలేదు, ఆలోచనను పదును పెట్టింది. 1764లోనే ఆయన స్మిత్ ఖాళీ చేసిన గ్లాస్గో పీఠానికి వెళ్లాడు.

తెలుగువారికి తెలిసిన ఒక పేరు ఇక్కడ చెప్పుకోవాలి. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టి, పదమూడేళ్ల వయసుకు అక్కడి విశ్వవిద్యాలయంలో చేరాడు. అప్పటికి రీజెంట్లు పోయి దాదాపు అర్ధ శతాబ్దం, చెప్పేది ఆచార్యులు. చేరే పిల్లల వయసు మాత్రం మారలేదు.

నేటికీ మిగిలినవి

బేజన్ అనే మాట సెయింట్ ఆండ్రూస్‌లో రీజెంట్లు పోయాక కూడా నిలిచింది, మొదటి ఏటి విద్యార్థిని ఆ పేరుతోనే పిలిచారు. హెబ్డమడర్ పేరు మీద అక్కడ ఒక గది ఉంది. కాలేజీల గ్రంథాలయాల్లో రీజెంట్ల పేర్లతో విద్యార్థులు రాసుకున్న నోటు పుస్తకాలు వరసలుగా ఉన్నాయి. చెప్పేవాడి వేగాన్ని అందుకోవడానికి లాటిన్ మాటల్ని సగంలో విరిచి పైన గీత పెట్టిన పొట్టి రాత, ఏళ్ల తరబడి ఒకే గొంతు విన్న చేతులది.

చూడండి: ఆండ్రూ మెల్విల్, గ్లాస్గో విశ్వవిద్యాలయం, జాతీయ ఒడంబడిక (1638), థామస్ రీడ్, స్టెయిర్ ప్రభువు.